పచ్చ లైటు వెలిగితే బ్యాటరీ నిండినట్టేనా?

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను, ఎక్కడైనా తప్పయితే సరిదిద్దండి. ముమ్మిడివరం అవతల ఆక్వా చెరువు గట్టు మీద కాపలా షెడ్డు. అందులో 150 ఏహెచ్ (ఆంప్ అవర్, అంటే ఎన్ని ఆంప్స్ ఎన్ని గంటలు ఇస్తుందన్న లెక్క) ట్యూబులర్ బ్యాటరీ, ఇన్వర్టర్లకి వాడే మూతలు తీసే రకం, ఒకటి, కొని ఎనిమిది నెలలు. దాని మీద నాలుగు కెమెరాలు, రికార్డరు, మూడు ఎల్‌ఈడీ బల్బులు, ఒక చిన్న డీసీ ఫ్యాను. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్ బ్యాటరీలో నీళ్ళు తాగేస్తోందని 10 ఆంప్స్ స్మార్ట్ ఛార్జర్ తెప్పించి, మీటరు బోర్డు పక్కన బిగించి, అక్కణ్ణుంచి బ్యాటరీకి ఆరు మీటర్ల 2.5 ఎస్‌క్యూఎంఎం వైరు (మందం 2.5 చదరపు మిల్లీమీటర్లు) లాగారు. అయిదు గంటల్లో పచ్చ లైటు వస్తోంది, రాగానే స్విచ్ ఆపేస్తున్నారు. రాత్రి ఒంటిగంటకల్లా కెమెరాలు ఆరిపోతున్నాయి. ఛార్జర్ మోసమా, బ్యాటరీ మోసమా అని మీ ప్రశ్న.

ఆ బ్యాటరీ పూర్తిగా పోయిందని నేననుకోను. ఛార్జర్ కూడా తనకి తెలిసిన పనే చేస్తోంది. నా అనుమానమంతా మధ్యలో ఉన్న వైరు మీదా, మీరిచ్చే టైము మీదా. రాజోలులో ముప్పై ఏళ్ళుగా బ్యాటరీ కొట్టు నడుపుతున్నాను. ఇన్నేళ్ళలో పాడైపోయిందని నా దగ్గరకి తెచ్చిన ట్యూబులర్లలో సగం పైన కడుపు నిండక పాడైనవే.

చెరువుకి నీళ్ళు పెట్టడం మీకు నేను చెప్పక్కర్లేదు. కాలువ నిండుగా ఉంది, చెరువు ఎండి ఉంది, తూము ఎత్తారు. మొదట నీళ్ళు హోరున దూకుతాయి. చెరువు మట్టం కాలువ మట్టానికి దగ్గరయ్యేకొద్దీ తూములో జోరు చచ్చిపోతుంది. ఆఖరి జానెడు నిండేసరికి మనిషికి విసుగొస్తుంది. బ్యాటరీ కూడా అంతే. వోల్టేజి అంటే మట్టం, ఆంప్స్ అంటే జోరు. స్మార్ట్ ఛార్జర్ మొదట తన దగ్గరున్న పది ఆంప్సూ పోస్తుంది, దీన్ని బల్క్ అంటారు. బ్యాటరీ మట్టం 14.4 దగ్గరకి వచ్చాక ఆ మట్టాన్ని అక్కడే నిలబెట్టి, బ్యాటరీ ఎంత తాగితే అంతే ఇస్తుంది, అది అబ్సార్ప్షన్. ఇక తాగడం మానేసిందనుకున్నాక 13.5, 13.8 మధ్యకి దిగి, ఎండకి ఆవిరైనంత నీరు తోడినట్టు కొంచెం కొంచెం పోస్తూ కూర్చుంటుంది, అది ఫ్లోట్. బల్క్‌లో నిండేది సుమారు ఎనభై శాతం. మిగిలిన ఇరవై శాతానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఎంత పెద్ద ఛార్జర్ పెట్టినా ఆ ఇరవై తొందరపడదు.

మీ పాత ఛార్జర్‌కి ఈ మూడో మెట్టు తెలీదు. లైన్లో వోల్టేజి పెరిగితే దానిదీ పెరుగుతుంది. అర్ధరాత్రి 250 వచ్చిందంటే బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. కాబట్టి దాని మీద మీ ఫిర్యాదు న్యాయమే. కాకపోతే ఆ భయంతో కొత్తదాన్ని కూడా పచ్చ లైటు రాగానే ఆపేస్తున్నారు, అక్కడే మొదటి పొరపాటు. దీన్ని ఆపక్కర్లేదండి. లైను ఉన్నంతసేపూ వేసే ఉంచండి. అసలు దీన్ని కొన్నదే అందుకు.

ఇప్పుడు లెక్క చూద్దాం. కెమెరాలు నాలుగూ కలిపి 20 వాట్లు, రికార్డరు 10, బల్బులు 27, ఫ్యాను 23 అనుకోండి. మొత్తం 80 వాట్లు, అంటే 12 వోల్టుల మీద ఆరున్నర ఆంప్స్ పైచిలుకు. సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా 80 ఏహెచ్. బ్యాటరీ మీద రాసిన 150 అన్నది 20 గంటల లెక్క. 7.5 ఆంప్స్ చొప్పున తోడుతూ 10.5 వోల్టులకి, అంటే అడుగంటా పోయేదాకా వాడితే వచ్చేది. రోజూ అడుగంటా తోడే వస్తువు కాదు కాబట్టి సగం, అంటే 75 మనదనుకోవాలి. మీరు ఆ గీతకి కాస్త దాటే ఉన్నారు. అది పెద్ద నేరం కాదు, ట్యూబులర్ ఓర్చుకుంటుంది. కానీ తోడినది తిరిగి పొయ్యాలి కదా. లెడ్ యాసిడ్‌లో పోసినదంతా నిలవదు. 80 తోడితే 95 దాకా పొయ్యాలి. మీ ఛార్జర్ పదిలో కెమెరాలూ రికార్డరూ పగలు కూడా రెండున్నర తినేస్తాయి. బ్యాటరీకి దక్కేది ఏడున్నర. 95ని ఏడున్నరతో భాగించండి: పన్నెండున్నర గంటలు. అదీ జోరు తగ్గకుండా పోస్తేనే. మీరు పోస్తున్నది అయిదు గంటలు. రోజూ సగం కూడా తిరిగి రావడం లేదు.

మరి పచ్చ లైటు ఎందుకొచ్చింది?

దానికి రెండు కారణాలు. మొదటిది వైరు. ఛార్జర్ చూసేది తన కాళ్ళ దగ్గరి మట్టాన్ని, బ్యాటరీ దగ్గరిది కాదు. రాగి వైరు 2.5 ఎస్‌క్యూఎంఎం, వెళ్ళడం ఆరు మీటర్లు, రావడం ఆరు. పది ఆంప్స్ పారితే ఆ వైరులోనే 0.8 వోల్టు పోతుంది. ఛార్జర్ దగ్గర 14.4 ఉంటే బ్యాటరీ టెర్మినల్ దగ్గర 13.6 ఉంటుంది. తూముకీ చెరువుకీ మధ్య సన్నటి బోదె తవ్వినట్టన్నమాట. తూము దగ్గర నిండినట్టు కనిపిస్తుంది, చెరువుకి ఇంకా అందలేదు. మంచి ఛార్జర్ అయితే కంగారు పడదు. ఆంప్స్ తగ్గేకొద్దీ వైరులో పోయేదీ తగ్గుతుంది, ఆలస్యంగానైనా నింపుతుంది. కానీ చవక రకాలు చాలావాటికి అబ్సార్ప్షన్ అంటే ఒక టైమరు. 14.4 చూశాక ఇన్ని గంటలని లెక్కపెట్టి, నిండినా నిండకపోయినా పచ్చ లైటు వేసేస్తాయి. మీది ఆ రకమే అనిపిస్తోంది.

ఛార్జర్‌ని తీసి బ్యాటరీ పక్కకి తెచ్చెయ్యండి. మధ్యలో ఒక మీటరు పొడుగు వైరు 6 ఎస్‌క్యూఎంఎంది చాలు, పోయేది 0.06 వోల్టు. దూరం ఎంతున్నా దాన్ని 230 వోల్టుల వైపు పెట్టండి. ఈ ఛార్జర్ లైన్లోంచి లాగేది ఆంపు కూడా ఉండదు, ఆ వైపు ఆరు మీటర్లన్నది లెక్కలోకి రాదు. పక్కన అన్నాను, పైన అనలేదు. బ్యాటరీ నెత్తి మీద పెడితే యాసిడ్ ఆవిరికి ఆరు నెలల్లో దాని బోర్డు పచ్చగా చిలుము పట్టిపోతుంది. ఒక మూరెడు ఎడంగా, ఎత్తులో గోడకి బిగించండి.

రెండో కారణం కాస్త బాధాకరమైనది. పూడిక పట్టిన చెరువుని చూశారు కదా. తొందరగా నిండుతుంది, తొందరగా ఖాళీ అవుతుంది. బ్యాటరీ డిస్చార్జి అయినప్పుడు రెండు రకాల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. అది మామూలే. వెంటనే పూర్తిగా ఛార్జి చేస్తే కరిగిపోతుంది. రోజూ సగం సగం పోస్తూ వారాల తరబడి వదిలేస్తే గట్టిపడి మేట వేస్తుంది. దాన్నే సల్ఫేషన్ అంటాం. మేట వేసిన బ్యాటరీకి ఛార్జర్ తగిలించగానే వోల్టేజి గబుక్కున లేస్తుంది, ఛార్జర్ "నిండింది" అనుకుంటుంది. లోడు వెయ్యగానే గబుక్కున పడిపోతుంది. మీ వర్ణన చదివితే నాకు ఇదే కనిపిస్తోంది. వైరు వల్లా టైము వల్లా సగం ఛార్జి, సగం ఛార్జి వల్ల మేట, మేట వల్ల ఇంకా ముందే పచ్చ లైటు. ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంది.

అందుకే పచ్చ లైటుని నమ్మొద్దు, యాసిడ్ చిక్కదనం, అంటే గ్రావిటీ, కొలిచే హైడ్రోమీటర్‌ని నమ్మండి. కొట్లో దొరికే గాజు గొట్టం, రబ్బరు బుడ్డి ఉన్నదే. ఆటోమొబైల్ షాపులో అడిగితే ఇస్తారు. నేను కొట్లో చేరిన కొత్తలో స్మార్ట్ ఛార్జర్ అన్న మాటే లేదు. బెంచీ మీద బ్యాటరీలన్నిటినీ వరసగా సిరీస్‌లో కట్టి, ఏసీని డీసీ చేసే పెద్ద రెక్టిఫయర్‌కి తగిలించి, మా మేస్త్రీ గంటకోసారి వచ్చి మూతల మీద చెవి పెట్టి వినేవాడు. బుడగలు చిటపటమంటే దగ్గరపడిందని తెలుసుకుని కరెంటు తగ్గించేవాడు. ఇప్పుడు స్మార్ట్ ఛార్జర్ చేస్తున్నది ఆయన చేసిందే, చిప్పుతో చేస్తోంది. తేడా ఒక్కటే. ఆయన చెవితో విన్నాక కూడా హైడ్రోమీటర్ ముంచకుండా బ్యాటరీ దించనిచ్చేవాడు కాదు. ఛార్జర్‌కి ఆ గొట్టం లేదు.

మన దగ్గర ఇన్వర్టర్‌కి అమ్మే ట్యూబులర్ బ్యాటరీల్లో చాలావాటికి నిండు గ్రావిటీ 1.240 దగ్గర ఉంటుంది, కొట్లో దాన్ని "పన్నెండు నలభై" అంటాం. మీ లేబుల్ మీద ఎంత రాసుందో అదే మీకు ప్రమాణం. 1.180 దగ్గరుంటే సుమారు సగం. 1.130 కిందికి వచ్చిందంటే అడుగంటినట్టు. ఆరు సెల్లులూ విడివిడిగా చూసి కాగితం మీద రాసుకోండి. వాటి మధ్య తేడా 0.030 లోపు ఉంటే పర్వాలేదు. ఒక్క సెల్లు మాత్రం 0.050 పైన వెనకబడి, ఎంత ఛార్జి పెట్టినా లేవకపోతే ఆ సెల్లు పోయినట్టే. ఎండల్లో యాసిడ్ వేడెక్కి గ్రావిటీ కాస్త తక్కువ చూపిస్తుంది. 27 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ 0.007 కలుపుకోండి. నీళ్ళు పోసిన వెంటనే మాత్రం చూడకండి. నీళ్ళు పైనే తేలుతుంటాయి, ఛార్జి పెట్టి కలిశాకే చూడాలి.

మూతల మీద ఎర్రా పచ్చా పుల్లలు లేచి ఉంటాయే, వాటిని చూసి ఛార్జి అనుకునేవాళ్ళు చాలామంది. అవి నీటి మట్టం చూపిస్తాయి, అంతే.

ఇంకో చిక్కు చెప్పాలి. ఇంటర్నెట్‌లో దొరికే వోల్టేజి పట్టికల్లో నిండు బ్యాటరీ అంటే 12.7 అని ఉంటుంది. అది గ్రావిటీ 1.265, 1.280 ఉండే రకాలకి. లోడు లేకుండా నాలుగయిదు గంటలు ఊరుకున్న బ్యాటరీలో ఒక్కో సెల్లు వోల్టేజి అంటే దాని గ్రావిటీకి 0.845 కలిపితే సుమారు వస్తుంది. 1.240కి లెక్కకట్టి ఆరుతో గుణించండి: 12.5. అంటే మన ట్యూబులర్ పూర్తిగా నిండినా 12.5 దగ్గరే నిలుస్తుంది. ఆ పట్టిక చూసి "12.7 రావట్లేదు, బ్యాటరీ పోయింది" అని నా దగ్గరకి తెచ్చినవాళ్ళున్నారు. ఇంకా ఘోరం, గ్రావిటీ పెంచుదామని యాసిడ్ పోయించుకొచ్చినవాళ్ళున్నారు. యాసిడ్ పోస్తే హైడ్రోమీటర్ సంతోషిస్తుంది, ప్లేట్లు ఏడుస్తాయి. ఒలికిపోతే తప్ప జీవితంలో మళ్ళీ యాసిడ్ మాట ఎత్తకూడదు.

సరే, ఈ వారం ఏం చెయ్యాలి. షెడ్డుకి రెండు రోజులు వేరే బ్యాటరీ ఏదైనా అప్పు తెచ్చుకోండి. దీని మీద లోడంతా తీసెయ్యండి. లోడు తియ్యమనడానికి కారణం ఉంది. మంచి ఛార్జర్ బ్యాటరీ నిండిందని తెలుసుకునేది ఆంప్స్ పడిపోవడం చూసి. 150 ఏహెచ్‌కి మూడు, నాలుగు ఆంప్స్‌కి పడితే నిండినట్టు లెక్క. మీ కెమెరాలూ రికార్డరూ ఫ్యానూ బల్బులూ కలిపి ఆరున్నర లాగుతుంటే అది ఎప్పటికీ అంతకి పడదు, ఛార్జర్ బోల్తా పడుతుంది. లోడు తీశాక నీళ్ళ మట్టం చూడండి. ప్లేట్లు బయటపడి ఉంటే అవి మునిగేంత మాత్రం పోసి, పూర్తి మట్టానికి ఛార్జి అయ్యాకే పొయ్యండి, లేకపోతే పొంగి కారుతుంది. ఇక ఛార్జర్ వెయ్యండి. పచ్చ లైటు రాగానే ఒకసారి ఆపి, పది నిమిషాలాగి మళ్ళీ వెయ్యండి. మళ్ళీ మొదటి మెట్టు నుంచి మొదలుపెడుతుంది. ఇలా రెండు మూడుసార్లు, ఒక రోజంతా. గంటకోసారి ఏదో ఒక సెల్లు గ్రావిటీ చూడండి. మూడుసార్లు వరసగా అంకె మారలేదంటే అదే దానికి నిండు.

ఆ నిండు 1.240కి దగ్గర్లో ఉంటే మీరు అదృష్టవంతులు. 1.200 దగ్గర ఆగిపోయి, సెల్లుకీ సెల్లుకీ తేడాలుంటే ఈక్వలైజేషన్, అంటే సెల్లులన్నిటినీ సమం చేసే ఛార్జి, పెట్టాలి. మీ ఛార్జర్‌లో రిపేర్ అనో, రీకండిషన్ అనో బటన్ ఉంటుంది. అది 15.5, 16 వోల్టుల దాకా తీసుకెళ్ళి, తక్కువ ఆంప్స్‌తో కావాలనే మరిగిస్తుంది. ట్యూబులర్ డబ్బా పొడుగు కాబట్టి బరువైన యాసిడ్ అడుక్కీ, పలచనిది పైకీ చేరుతుంది. ఆ బుడగలకి అది కలుస్తుంది. మేటలో మెత్తగా ఉన్నది కరుగుతుంది. గట్టిపడిపోయింది మాత్రం ఏ బటన్‌కీ కరగదండి. పల్స్‌తో చచ్చిన బ్యాటరీని బతికిస్తామని డబ్బా మీద ఏం రాసినా సరే. పెట్టే ముందు కెమెరాలూ ఫ్యానూ వైర్లు విప్పేసి ఉండాలి. 12 వోల్టుల వస్తువులు 16కి బతకవు. మూడు నెలలకోసారి చాలు, వారం వారం పెడితే ప్లేట్లు రాలిపోతాయి.

ఈ బటన్ గురించి నా తప్పు ఒకటి చెప్తాను. పదేళ్ళ క్రితం అంతర్వేది వైపు నుంచి ఒక బోటు బ్యాటరీ వచ్చింది. వైర్‌లెస్‌కీ జీపీఎస్‌కీ వాడేది. మూతలు తెరుచుకోని సీల్డ్ రకం, ఏజీఎం అంటారు. ఛార్జి నిలవట్లేదన్నారు. ఆ రోజు కొట్లో రద్దీ, నేను లేబుల్ చూడకుండా రీకండిషన్ నొక్కి ఇంటికెళ్ళి పడుకున్నాను. పొద్దున్నకి పూరీలా ఉబ్బి ఉంది. కొత్తది నా డబ్బుతో కొనిచ్చాను. సీల్డ్ బ్యాటరీకీ, యాసిడ్ జిగురులా ఉండే జెల్‌కీ ఈక్వలైజేషన్ ఎప్పుడూ పెట్టకూడదు. లోపల పోయిన నీళ్ళు మళ్ళీ పొయ్యడానికి దారి ఉండదు. జెల్‌కైతే మామూలు ఛార్జింగ్ కూడా 14.1, 14.4 మధ్యే. మీది మూతలు తీసే ట్యూబులర్ కాబట్టి మోడ్‌లో వెట్ అనో, ఫ్లడెడ్ అనో, స్టాండర్డ్ అనో ఉన్నది పెట్టండి. లిథియం బటన్ జోలికి అసలు పోవద్దు. ఛార్జర్ పుస్తకానికీ బ్యాటరీ లేబుల్‌కీ తేడా వస్తే బ్యాటరీ లేబుల్ మాటే చెల్లుతుంది.

వేడి సంగతి. 14.4 అన్న అంకె 25 డిగ్రీలకి. ఒక్కో డిగ్రీ పెరిగితే 12 వోల్టుల బ్యాటరీకి సుమారు 0.024 వోల్టు తగ్గించాలి. మే నెలలో మీ రేకుల షెడ్డులో బ్యాటరీ 38 దాకా వెళ్తే దానికి కావలసింది 14.1. మంచి ఛార్జర్లకి ఒక సన్న వైరు, చివర బొడిపెతో వస్తుంది. దాన్ని బ్యాటరీ ఒంటికి అంటించాలి, చాలామంది పనికిరాదని డబ్బాలోనే ఉంచేస్తారు. అది లేని ఛార్జర్ అయితే ఎండాకాలం నీళ్ళు పదిహేను రోజులకోసారి చూడాలి. పది డిగ్రీల వేడి పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగమవుతుందని మా వాళ్ళందరూ వాడే లెక్క. రేకు కింద కన్నా తాటాకు నీడలో బ్యాటరీ ఎక్కువ కాలం బతుకుతుంది. కాకపోతే తాటాకు కింద ఛార్జింగ్ అంటే నిప్పు భయం. ఛార్జి అయ్యేటప్పుడు వచ్చేది హైడ్రోజన్, గాలిలో నాలుగు శాతం చేరితే నిప్పురవ్వ చాలు. పైకి పోయే గాలి కాబట్టి పైన కంత ఉండాలి. కాపలా అబ్బాయిని చుట్ట, బీడీ బయట కాల్చుకోమనండి. క్లిప్పులు తగిలించాకే స్విచ్ వెయ్యాలి, స్విచ్ ఆపాకే క్లిప్పులు తియ్యాలి. స్పానరు పట్టే ముందు చేతి ఉంగరం, కడియం తీసెయ్యాలి. యాసిడ్ కంట్లో పడితే పావుగంట నీళ్ళతో కడుగుతూనే ఉండి, తర్వాత డాక్టరు దగ్గరకి.

నేల మీద పెడితే బ్యాటరీ ఛార్జి దిగిపోతుందని మీ నాన్నగారు అన్నారని రాశారు. ఆయన కాలంలో చెక్క పెట్టెల్లో, గట్టి రబ్బరు డబ్బాల్లో వచ్చేవి, అప్పటి మాట అది. ఇప్పటి ప్లాస్టిక్ డబ్బాకి సిమెంటు నేల ఏమీ చెయ్యదు. అయినా ఆయన మాటే వినండి, బల్ల మీదే పెట్టండి. 2022 జులై వరదలో లంకల్లో నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో మీకు నేను చెప్పాలా.

నీళ్ళ దగ్గర మీరు రాసింది చదివి గుండె గుభేలుమంది. ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్నులోంచి పోస్తున్నారట. అవి తాగడానికి మంచివే. బ్యాటరీకి మాత్రం డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏదీ వద్దు. మన డెల్టాలో సముద్రం దగ్గరపడేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పన, ఆర్వో పెట్టినా కొంత ఉప్పు మిగులుతుంది, కొన్నిచోట్ల రుచికి మళ్ళీ కలుపుతారు కూడా. క్లోరైడు పాజిటివ్ ప్లేట్ల లోపలి సీసపు కడ్డీలని తింటుంది. ఇనుము కలిసిందంటే బ్యాటరీ ఊరికే కూర్చుని కూడా దిగిపోతుంది. ఏసీ పైపులోంచి కారే నీళ్ళు పట్టి పోసేవాళ్ళున్నారు, అదీ వద్దు, కాయిల్ మీది దుమ్మూ లోహమూ అందులోనే ఉంటాయి. ఇప్పటిదాకా పోసింది వెనక్కి తియ్యలేం, ఇకనుంచి మానెయ్యండి. అదే ఉప్పు గాలి టెర్మినళ్ళకి కూడా చిలుము పట్టిస్తుంది. మూతలు బిగించి ఉంచి, వంటసోడా కలిపిన వేణ్ణీళ్ళతో కడిగి, ఆరాక వాజిలిన్ రాయండి. చిలుము కూడా వైరు లాంటిదే, అక్కడా వోల్టేజి పోతుంది.

కొత్త ఛార్జర్ కొనాలా అంటే, మీ లోడుకి 10 ఆంప్స్ చాలదు. ట్యూబులర్‌కి దాని ఏహెచ్‌లో పది నుంచి పదిహేను శాతం హాయిగా ఇవ్వొచ్చు, మీకు 15 నుంచి 20 ఆంప్స్. 20 ఆంప్స్ పెడితే కెమెరాలకి పోగా పదిహేడు మిగులుతుంది. అయిదున్నర గంటల్లో పెద్ద పని అయిపోయి, ఆఖరి జానెడుకి మూడు నాలుగు గంటలు. పగటి లైనుకి సరిపోతుంది. కొనేటప్పుడు స్టేజిలు ఏడా, తొమ్మిదా అని చూడకండి, అవి బొమ్మలు. టెంపరేచర్ వైరు ఉందా, ఫ్లోట్‌లో నిలబడుతుందా, మోడ్‌కి ఎంత వోల్టేజో పుస్తకంలో రాశారా, ఇవి చూడండి. ఇప్పుడున్న పది ఆంప్స్‌ది పారెయ్యొద్దు, దానికి వేరే పని ఉంది.

ఆ పని జనరేటర్ బ్యాటరీ. మీరు దాని గురించి అడగలేదు, కానీ నా లెక్కలో చెరువు మీద అన్నిటికన్నా ఖరీదైన బ్యాటరీ అదే. కెమెరాలు ఒక రాత్రి ఆరితే ఏమవుతుంది? తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోయిన వేళ లైను పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగి, జనరేటర్ సెల్ఫ్ తిరక్కపోతే పంటంతా తేలిపోతుంది. అది రోజూ లోతుగా తోడే డీప్ సైకిల్ రకం కాదు. సన్న ప్లేట్లు, ఒక్క ఊపులో వందల ఆంప్స్ ఇచ్చేది. దానికి కావలసింది ఎప్పుడూ నిండుగా ఉండటం. ఆ 10 ఆంప్స్ ఛార్జర్‌ని దానికి తగిలించి ఫ్లోట్‌లో వదిలెయ్యండి. దాని మీద మాత్రం బల్బులూ ఫ్యాన్లూ పెట్టొద్దు. లోతుగా తోడితే నాలుగు నెలల్లో చస్తుంది. అలాగే మీ ట్యూబులర్‌తో జనరేటర్ తిప్పాలని చూడొద్దు.

తుపాను కాలానికి ఒక చిట్కా. బ్యాటరీ నాలుగయిదు రోజులు పూర్తిగా దిగిపోయి ఎనిమిది, తొమ్మిది వోల్టులకి వచ్చిందంటే స్మార్ట్ ఛార్జర్లు చాలావరకు దాన్ని గుర్తుపట్టవు, అసలు బ్యాటరీయే లేదనుకుని మొరాయిస్తాయి. ఒక మంచి 12 వోల్టుల బ్యాటరీని ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ పక్కన కట్టి, ఛార్జర్ వేసి, పది పదిహేను నిమిషాలయ్యాక మంచిదాన్ని విప్పేస్తే దానికి ప్రాణం వస్తుంది. కళ్ళజోడు పెట్టుకుని చెయ్యండి. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో రోజుల తరబడి కరెంటు లేక, సైకిళ్ళ మీద ట్రాక్టర్ బ్యాటరీలు కట్టుకుని మా మేస్త్రీ దగ్గరకి వచ్చేవారు. అప్పటి మొండి రెక్టిఫయర్‌కి ఇలాంటి నఖరాలు లేవు, ఎంత చచ్చినదాన్నయినా పట్టేది. ఆ ఒక్క విషయంలో పాతదే నయం.

ఆఖరుగా వారంటీ. ఎనిమిది నెలలే కాబట్టి షాపుకి తీసుకెళ్ళొచ్చు, కానీ నేను చెప్పినట్టు నింపకుండా తీసుకెళ్తే వాళ్ళు రెండు రోజులు ఛార్జి పెట్టి "బాగానే ఉంది" అని తిప్పి పంపేస్తారు. నింపి, ఒక పూట ఊరుకోనిచ్చి, 55 వాట్ల కారు హెడ్‌లైటు బల్బులు రెండు కలిపి తగిలించండి, తొమ్మిది ఆంప్స్ లాగుతాయి. బల్బులు వెలుగుతుండగా టెర్మినల్ దగ్గర 11 వోల్టులకి పడేదాకా టైము చూడండి. పన్నెండు గంటలు దాటితే బ్యాటరీకి ఢోకా లేదు. ఆరేడు గంటలకే పడిపోతే సగం పోయింది. పరీక్ష అవగానే మళ్ళీ ఛార్జింగ్‌కి పెట్టెయ్యండి, రాత్రంతా దిగి ఉంచొద్దు.

ఆరు సెల్లుల గ్రావిటీ, నింపక ముందువీ నింపాకవీ, ఈ బల్బుల టైమూ, లేబుల్ ఫోటో ఇక్కడ పెట్టండి. ఆ అంకెలు చూసేదాకా కొత్త బ్యాటరీ మాట ఎత్తొద్దు.